తంగేడు చేసిన మేలు

రాజుల చరిత్రము శాసనములయందుండును. చెట్ల చరిత్రము పనిముట్లయందును పండుగలయందును నిలిచియుండును. అట్టి చరిత్రమొకటి నేడు మనవి చేసెదను.

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల ఎఱ్ఱనేలలపై, గట్లవెంట, బాటలప్రక్కల, ఎవరును నాటకయే, ఎవరును నీరు పోయకయే పెరుగు పొద తంగేడు. సంస్కృతమున దీనిపేరు ఆవర్తకి. 1753లో లిన్నేయసు పండితుడు దీనిని తన వృక్షగ్రంథమున చేర్చెను. చేవెళ్ల మండలమునందలి తంగడపల్లి పేరు వినగనే ఈ పొదయే స్మరణకు వచ్చును.

పూర్వము బావిక్రింద మడి తడియవలెనన్న మోట తోలవలెను. మోటకు తోలుబొక్కెన కావలెను. పచ్చితోలు నీట నానిన క్రుళ్లును. తంగేడు చెక్కతో లందలో నానబెట్టినచో, ఆ చెక్కలోని వగరు తోలును బిగించి, నీటికి నిలుచునట్లు చేయును. కావున తాను నీరు కోరని ఈ పొదయే మన పొలములకు నీరందించినది. ఆ లందలయొద్ద శ్రమించిన మాదిగ సోదరులను ఊరు దూరముగా నుంచెను. కాని వారి తోలు లేనిచో ఊరికి అన్నమే లేదు. ఈ ఋణము మఱువరానిది.

1903 ప్రాంతమున మద్రాసులో ఛాటర్టన్ దొర క్రోము లవణములతో తోళ్లు పదును చేయు ప్రయోగము లారంభించెను. తరువాత దక్షిణాఫ్రికానుండి తుమ్మజాతి చెక్క దిగుమతియయ్యెను. విద్యుత్ పంపులు వచ్చి మోటలు మూలబడెను. తంగేటికి పని తప్పినది. దానిని మఱువనివారు మన ఆడుబిడ్డలే. బతుకమ్మలో దాని పసిడిపూలు పేర్చుచునే యున్నారు. 2014లో తెలంగాణ ప్రభుత్వము దానిని రాష్ట్రపుష్పముగా ప్రకటించెను.

1908 నాటి మూసీ వరద పిమ్మట 1920లో ఉస్మాన్ సాగరమును, 1927లో హిమాయత్ సాగరమును నిర్మింపబడినవి. ఆ చెరువుల పరివాహకప్రాంతముననే నేడు తోటబంగళాలు వెలయుచున్నవి. అచట తంగేడు పెఱికి, పచ్చికబయళ్లు పెంచి, బోరునీటితో తడుపుట చూచుచున్నాము. భూగర్భజలము తఱుగు నేలలో ఇది తగునా?

తంగేడును పశువులు సామాన్యముగా మేయవు, కంచె అక్కఱలేదు. ఎండినకాయల గింజలు ఏరి, వేడినీట నానవేసి, తొలకరికి ముందు బడివాకిట, బాటప్రక్కల నాటింపుడు. వేళ్లూనువఱకు కొంచెము నీరిచ్చిన చాలును. ఆ పని మనుమలచేత చేయించుచు, మోటకథయు చెప్పుడు. చెట్టుతోపాటు చరిత్రమును నిలుచును.