బన్నీ సింగ్ వేషం

1998 నవంబర్. ముంబయి టాటా థియేటర్. రంగస్థలం మీద ఒక ఫ్లాట్. చెమటలు కారే ఉక్కపోత. కింద ఎవరిదో పెళ్లి, ఆ సందడంతా పైకి వినిపిస్తోంది. పైన ఫ్యాషన్ డిజైనర్ కమలేష్ స్నేహితులందర్నీ పిలిచి కూర్చోబెట్టుకున్నాడు. ప్రేమించిన ప్రకాశ్‌ని మరిచిపోవాలి, మీరే ఏదో ఒకటి చెయ్యండర్రా అని. ఇద్దరూ కలిసి తీయించుకున్న ఫొటో ఒకటుంది. చింపేస్తే పీడా పోతుంది. చెయ్యి మాత్రం రావడం లేదు.

అప్పుడే కమలేష్ తోబుట్టువు కిరణ్ వస్తుంది. ఆమెకు పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు పేరు ఎడ్. ఆ ఎడ్ ఎవరో కాదు, ప్రకాశే! పెళ్లి చేసుకుంటే లోకం నోరు మూతపడుతుంది, చాటున కమలేష్‌తో స్నేహమూ సాగుతుందని అతగాడి లెక్క.

'ఆన్ ఎ మగ్గీ నైట్ ఇన్ ముంబై' నాటకం ఇది. రాసింది మహేష్ దత్తాని. బెంగళూరులో పుట్టి పెరిగిన గుజరాతీ. 1984లో ఆ ఊళ్లోనే 'ప్లేపెన్' నాటక బృందం పెట్టారు. సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిందీ 1998లోనే. లిలెట్ దూబే దర్శకత్వంలో నాటకానికి తెరలేచిన కొద్ది రోజులకే అదే ముంబయిలో, ఇద్దరు ఆడవాళ్ల ప్రేమకథ చెప్పిన దీపా మెహతా సినిమా 'ఫైర్' ఆడుతున్న హాళ్ల మీద దాడులు జరిగాయి. 377 సెక్షన్ ప్రకారం స్వలింగ సంపర్కం నేరమైన రోజులవి. అలాంటి రోజుల్లో ఈ నాటకం జనాన్ని నవ్వించింది కూడా. శరద్ అనే పాత్ర నోరు విప్పితే వెటకారమే.

నాకు మాత్రం కమలేష్ కంటే బన్నీ సింగ్ మీదే మనసు. అతనూ కమలేష్ లాంటివాడే, టీవీ నటుడు. సీరియల్లో ఆదర్శ గృహస్థు వేషం. ఇంట్లో పెళ్లాం ఉంది. ఊరంతా చూసి మురిసిపోయే సంసారం. మనకెందుకొచ్చిన గొడవ, నలుగురితో పాటు మనమూ అన్నది మొదట్లో అతని వాదన. శరద్ ఊరుకుంటాడా, మాటలతో పొడుస్తూనే ఉంటాడు. ఫొటో కిరణ్ కంటపడి ఎడ్ గుట్టు రట్టయ్యాక బన్నీ కూడా కుదేలవుతాడు. జనం మెచ్చుకున్నది తనను కాదు, తన వేషాన్ని. ఆ మాట తన నోటితోనే ఒప్పుకుంటాడు. నటుడు నటన ఆపడమే ఆ నాటకంలో అసలైన ఘట్టం.

2002లో దత్తానియే దీన్ని 'మ్యాంగో సూఫ్లే' పేరుతో సినిమా తీశారు. కథ బెంగళూరు ఫామ్‌హౌస్‌కి మారింది. ఆ ఊళ్లోనే కుందలహళ్ళిలో, మా ఫ్లాట్‌లో ఉండేవాళ్లం అందరం కలిసి చూశాం. అందరం తెలుగువాళ్లమే, అందరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. ప్రకాశ్ తెరమీదికి రాగానే ఒకడు ఎగిరి కూర్చున్నాడు: "ఒరేయ్, వీడు 'జయం మనదేరా' విలన్ కదరా!" అవును, అతుల్ కులకర్ణి. వెంకటేశ్ మీద కత్తులు నూరినవాడు ఇక్కడ మరో మగవాడి కోసం నలిగిపోతుంటే మావాడికి మింగుడు పడలేదు. పది నిమిషాలు జోకులేశాడు, తర్వాత ఎడ్ అబద్ధం మీద కోపం తెచ్చుకున్నాడు. "ఆ అమ్మాయి ఏం పాపం చేసిందిరా?" అన్నాడు. సరైన ప్రశ్నే. ఇలాంటి కథల్లో పెళ్లికూతురి గురించి అడిగేవాళ్లు తక్కువ.

సినిమా కంటే నాటకమే గట్టిదని నా అభిప్రాయం. కథ ఫామ్‌హౌస్‌లోకి వచ్చేసరికి కింద పెళ్లి, పైన గుట్టు అన్న బిగువు సడలిపోయింది. మా ఫ్లాట్‌కి దగ్గర్లోనే, వర్తూరు రోడ్డులో రామగొండనహళ్ళి దగ్గర 2011 నుంచి జాగృతి థియేటర్ ఉంది. అరుంధతి, జగదీశ్ రాజా కట్టించింది. అక్కడెవరైనా ఈ నాటకం వేస్తే మావాళ్లను లాక్కెళ్తాను.

2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377 కోరలు పీకింది. ఆ కేసులో మొదటి పిటిషనర్ నవతేజ్ జోహార్ భరతనాట్య కళాకారుడు. ప్రకాశ్‌లకు ఇప్పుడు చట్టం భయం లేదు. సంబంధాలు చూసే అమ్మానాన్నల సంగతి వేరు. ఇక బన్నీ ఆ రాత్రి ఇంటికెళ్లి భార్యతో ఏం చెప్పాడో దత్తాని చూపించలేదు. నాకైతే ఆ సీనే కావాలి.