యంత్రం ఆగిన చోట

“మిషనే కనిపెడుతుందంటావు, మరి నువ్వెందుకే రాత్రంతా మేలుకోవడం?”

గచ్చిబౌలిలో నైట్ షిఫ్టు ముగించుకుని పొద్దున్నే ఇల్లు చేరితే అమ్మ అడిగే మాట ఇది. నాది సైబర్ భద్రత ఉద్యోగం. లక్షల లాగ్‌లను సాఫ్ట్‌వేర్ జల్లెడ పట్టి, అనుమానం తగిలిన ప్రతిదాన్నీ నా స్క్రీన్ మీద పెడుతుంది. వచ్చినవాడు దొంగా, ఊళ్లో ఉండి పాస్‌వర్డ్ మర్చిపోయిన ఉద్యోగా అన్నది తేల్చాల్సింది నేను. చేరిన కొత్తల్లో ఒక రాత్రి, మూడు దాటాక, ఒక అలర్ట్‌ని ఉత్తదేననుకుని మూసేశాను. తెల్లారి షిఫ్టుకొచ్చినతను మళ్లీ తెరిచి చూడబట్టి బతికిపోయాం. అప్పట్నుంచి రెండోచోట సరిచూడకుండా నేను ఏదీ మూయను.

ఇది మా తరంతో పుట్టిన పని అనుకునేదాన్ని. పోయినేడు మిల్టన్ కీన్స్‌లో ఉంటున్న తమ్ముడి దగ్గరికి వెళ్లి, పక్కనే ఉన్న బ్లెచ్‌లీ పార్కు చూశాను. యుద్ధకాలంలో బ్రిటన్ శత్రువుల రహస్య సందేశాలను విప్పిన చోటు అది. మా పనికి పుట్టిల్లు అక్కడుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు తమ సందేశాలను ఎనిగ్మా యంత్రంతో మార్చి పంపేవారు. దాన్ని అమర్చడానికి దాదాపు 16 లక్షల కోట్ల కోట్ల పద్ధతులుండేవి, పైగా అమరిక రోజూ మారిపోయేది. దారి మొదట వేసింది పోలండ్ గణితవేత్తలు రెయెవ్‌స్కీ, రుజిట్‌స్కీ, జిగాల్‌స్కీ. 1939 జులైలో, తమ దేశం మీద దాడికి కొద్ది వారాల ముందు, తెలిసిందంతా బ్రిటిష్, ఫ్రెంచి వాళ్ల చేతిలో పెట్టారు. ఆ ఔదార్యానికి చరిత్రలో దక్కాల్సినంత చోటు ఇప్పటికీ దక్కలేదని నాకనిపిస్తుంది.

తర్వాత బ్రిటిష్ గణితవేత్త అలన్ ట్యూరింగ్ ‘బాంబ్’ అనే యంత్రానికి రూపకల్పన చేశాడు. హెరాల్డ్ కీన్ బృందం లెచ్‌వర్త్‌లో తయారుచేసిన మొదటి యంత్రం 1940 మార్చిలో వచ్చింది. గోర్డన్ వెల్చ్‌మన్ చేర్చిన ఒక మెరుగుతో అది బాగా పదునెక్కింది.

అయితే ఆ యంత్రం తనంతట తాను ఏదీ మొదలుపెట్టలేదు. ముందు మనిషి ఊహించాలి. ఫలానా స్థావరం పొద్దున్నే వాతావరణ సూచన పంపుతుంది కాబట్టి అందులో ‘వాతావరణం’ అనే మాట ఉండి తీరుతుంది! అలాంటి ఊహను వాళ్లు ‘క్రిబ్’ అనేవారు. ఎనిగ్మాలో ఏ అక్షరమూ తిరిగి అదే అక్షరంగా రాదు. అందుకని ఊహించిన మాటను సంకేతం కింద పెట్టి జరుపుతూ, ఎక్కడైనా ఒకే అక్షరం ఎదురుపడితే ఆ చోటు కొట్టేసేవారు. మిగిలినదాన్నిబట్టి అక్షరాల లంకెలతో ఒక పటం గీసేవారు. దాని పేరు ‘మెనూ’. యంత్రం పని ఇక్కడ మొదలయ్యేది. ఎనిగ్మా చక్రాల 17,576 స్థానాల్లో ఒక్కొక్కటీ పరీక్షిస్తూ, పొసగనివి వదిలేస్తూ, పొసగే చోట టక్కున ఆగేది.

ఆగినంత మాత్రాన జవాబు దొరికినట్టు కాదు, కాకతాళీయంగా కుదిరినవీ ఉంటాయి. యంత్రం దగ్గరున్న అమ్మాయి ఆ స్థానాలు రాసుకుని, యంత్రాన్ని మళ్లీ నడిపించేది. ఇంకొకామె వాటిని వేరే చిన్న యంత్రం మీద సరిచూసేది. నిలబడితేనే సంకేతం విప్పేవాళ్లుండే ‘హట్’కి ఫోను వెళ్లేది. ఇది తెలిసినప్పుడు నాకు నా మూడు గంటల రాత్రి గుర్తొచ్చింది.

అక్కడి మ్యూజియంలో, అచ్చం పాతదానిలాగే మళ్లీ కట్టిన బాంబ్ ఒకటుంది. మనిషిని మించిన ఎత్తు, ఒక టన్ను బరువు, ముందువైపు వరసలు వరసలుగా రంగురంగుల 108 డ్రమ్ములు. ఒక పెద్దాయన ఒక డ్రమ్మును ఊడదీసి వెనకవైపు చూపించాడు. నాలుగు వలయాలుగా 104 సన్నటి తీగ కుచ్చులు. ఒక్క తీగ వంగి పక్కదానికి తగిలితే చాలు, ఫలితం తప్పిపోతుంది. ఆ అమ్మాయిలు పట్టకారు పట్టుకుని ఒక్కో తీగనూ సరిచేసేవాళ్లట. ఎనిమిది గంటల షిఫ్టు, చెవులు చిల్లులు పడే మోత, నూనె మరకలు. వాళ్లు రాయల్ నేవీ మహిళా విభాగం వాళ్లు, ‘రెన్’లనేవారు. యుద్ధం ముగిసేనాటికి 200కు పైగా యంత్రాలు, 1,600 మందికి పైగా రెన్‌లు.

1941 అక్టోబరు 21న ట్యూరింగ్, వెల్చ్‌మన్, మరో ఇద్దరు కలిసి పై అధికారులను దాటి నేరుగా ప్రధాని చర్చిల్‌కు ఉత్తరం రాశారు. అడిగింది మనుషుల్ని. ఒక విభాగంలో చాలినంత మంది లేక రాత్రి షిఫ్టు ఆగిపోయిందనీ, దానివల్ల నౌకాదళపు ఎనిగ్మా అమరికలు దొరకడం రోజూ కనీసం 12 గంటలు ఆలస్యమవుతోందనీ, ఆ షిఫ్టు మళ్లీ నడపడానికి సుమారు 20 మంది మహిళా గుమాస్తాలు కావాలనీ! ఉత్తరాన్ని నలుగురిలో ఒకరైన మిల్నర్-బ్యారీ స్వయంగా తీసుకెళ్లాడు. వాళ్లకు కావలసిందంతా అత్యంత ప్రాధాన్యంతో సమకూర్చమని చర్చిల్ ఆదేశించాడు. కొత్త సాఫ్ట్‌వేర్ కొన్న ప్రతిసారీ షిఫ్టులో ఎందర్ని తగ్గించొచ్చో లెక్కవేసే వాళ్లందరితో ఈ ఉత్తరం చదివించాలని నా కోరిక.

యుద్ధం అయిపోగానే చాలా యంత్రాలను విప్పేశారు. నడిపిన చేతులే చాలాచోట్ల తీగ తీగా ఊడదీశాయి. నోరు విప్పకూడదని ఒట్టు. 1974లో, ఆ రహస్యం తెలిసిన మాజీ అధికారి వింటర్‌బాథమ్ పుస్తకం వచ్చేదాకా సంగతి లోకానికి పెద్దగా తెలియలేదు. కూతురు అక్కడ ఏం చేసిందో తెలియకుండానే ఎందరో తల్లిదండ్రులు కన్నుమూశారు.

ఇంటికొచ్చాక అమ్మకు ఫోన్‌లో ఫొటోలు చూపించాను. డ్రమ్ముల ఫొటో దగ్గర అమ్మ ఆగలేదు. యంత్రం వెనకవైపు ఫొటో రాగానే చెయ్యి పట్టుకుంది. అక్కడ ప్లగ్గులు, జడల్లా వేలాడే కేబుళ్లు. పెళ్లికి ముందు అమ్మ తెనాలి టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటరు.

“ఇది మా ట్రంక్ బోర్డులా ఉందే!” అంది. కళ్లజోడు సవరించుకుని వేళ్లతో ఫొటో పెద్దది చేసింది. “ఇవన్నీ ఎవరు గుచ్చేవాళ్లు?”

“ఆడపిల్లలే అమ్మా. మెనూ చూసుకుని, ఒక్కోటీ.”

“నైట్ డ్యూటీలో కూడానా?”

“నైట్ డ్యూటీలో కూడా.”