పెరటి తోటకు కవిలె

శ్రీశైలమున పాతాళగంగకు దిగు మెట్లను కట్టించినది రెండవ హరిహరరాయల దేవి విఠలాంబ. ఆమె గతించి 600 ఏండ్లు దాటినను ఆ సంగతి మనకు తెలియుచున్నదనిన, అది శిలపై వ్రాయబడుటచేతనే గదా.

ఆ కొండ దిగువ నంద్యాల, ఆళ్లగడ్డ సీమలలో శాసనములతోపాటు మఱియొక వ్రాతయు నుండెను. అది కరణము కవిలె. తాటాకులయందును, మసి పూసిన గుడ్డతో చేసిన కడితములయందును మాన్యములు, చెఱువులు, పన్నులు వ్రాసియుంచెడివారు. మెకంజీ దొర (1754–1821) గ్రామ కైఫీయతులు కూర్పించినపుడు ఈ దండకవిలెలే ముఖ్యాధారములయ్యెను.

1800లో నిజాము దత్తమండలములను కుంఫిణీవారికి ఇచ్చెను. ఆళ్లగడ్డ పొరుగుననున్న కోయిలకుంట్ల వానిలో చేరెను. నంద్యాల 1839 వఱకు కర్నూలు నవాబుల యేలుబడిలో నుండెను. 1807 వఱకు దత్తమండలముల కలెక్టరుగా నుండిన మన్రో దొర పొలము పొలమును కొలిపించెను. పిమ్మట ఏ సర్వే నంబరున ఏ పైరున్నదో అడంగలు కెక్కుచు వచ్చెను. కాని గ్రామనత్తములోని యింటి పెరటికి సామాన్యముగా శిస్తు లేదు; శిస్తు లేనిచోట లెక్కయు లేదు. ఏ పాదున బీర బాగుగ కాచెనో, ఏ చిక్కుడు విత్తనము తరతరములు నిలిచెనో కరణము వ్రాయలేదు. ఆ యెఱుక అవ్వల మనస్సులలో నుండి, వారితోనే పోయినది. 1876–78 నాటి ధాత కరువు కర్నూలు మండలమును దారుణముగా పీడించెను. అట్టి కరువున విత్తనము పోవుట యొక నష్టము. దానిని పెంచు తెలివి పోవుట అంతకంటె పెద్ద నష్టము.

1984లో కరణీకమే రద్దయ్యెను. ఇక పెరటికి ఇంటివారే కరణములు కావలెనని నా మనవి. ఒక పుస్తకమున మొదటి పుటపై పెరటి పటము గీయుడు: బావి, వాడుకనీటి కాలువ, చెట్టునీడ, మళ్లు. ప్రతి మడికి ఒక అంకె వేయుడు. తరువాతి పుటలలో విత్తిన కార్తె, విత్తనము వచ్చిన చోటు, తొలి కోత, తెగులు, కాపు వ్రాయుడు. తోటకూర నెలలోపల కోతకు వచ్చును. కావున మడి యంతయు ఒక్కసారి చల్లక, పక్షమున కొక పాలు చల్లుట మేలు. వంగ యెత్తిన మడిలో వెంటనే మిరపగాని టమాటగాని నాటరాదు; ఈ మూడును ఒక్క కుటుంబమువి, ఒకదాని తెగులు మఱియొకదానికి అంటును. అచట గోరుచిక్కుడు వేసిన భూమికి బలము చేరును. నిరుటి వ్రాత లేక ఈ యేడు మడి మార్చుట యెట్లు?

నంద్యాలలో 1906లో నెలకొన్న వ్యవసాయ పరిశోధనా క్షేత్రమున పండితులు చేయునదియు మూలమున నిదియే: విత్తినది, పండినది ఏటేట వ్రాసి పోల్చుట.

మీకు తెలిసినదానిని మనుమలచేత, మనుమరాండ్రచేత వ్రాయింపుడు. దానికి శిల యక్కఱలేదు. బడిపిల్లల పుస్తకము చాలును.