జెట్టీ ఉన్న ఊరికి వలస

ఉత్తరాంధ్ర తీరంలో పూర్వం ఇసుకే రేవు. తెప్ప దుంగలను తాళ్లతో బిగించి తెల్లవారుజామున కెరటాల మీదికి తోసేవారు. వేట ముగిశాక కట్లు విప్పి, దుంగలను ఒడ్డున ఆరబెట్టేవారు. అలాంటి తెప్పకు జెట్టీతో పనిలేదు. దాన్ని నడిపేవాడికి సర్కారు సొమ్ముతోనూ పెద్దగా పనిపడలేదు.

సర్కారుకు మత్స్యకారులతో చాలాకాలం ఉన్నది ఉప్పు సంబంధమే. ఉప్పు పన్ను భారంతో చేపలను ఉప్పులో ఊరబెట్టుకోవడం కష్టమైతే, 19వ శతాబ్దపు చివరి దశాబ్దాల్లో మద్రాసు ప్రెసిడెన్సీ తీరంలో ప్రభుత్వ యార్డులు వెలిశాయి. అక్కడ చేపలకు మాత్రమే పన్ను లేని ఉప్పు దొరికేది. 1907లో ఫ్రెడరిక్ నికల్సన్ ఆధ్వర్యంలో మద్రాసు ఫిషరీస్ బ్యూరో మొదలైంది. రాళ్లు పోసి రేవు కట్టే ఖర్చు మాత్రం ఓడల కోసమే. 1933లో తెరిచిన విశాఖ రేవు మధ్య పరగణాల మాంగనీసును ఎగుమతి చేయడానికి కట్టింది. అలల ధాటికి అడ్డంగా రెండు పాత ఓడలనే తెచ్చి సముద్రంలో ముంచారు.

లెక్క మార్చింది ఇంజను. మరబోటును పదిమంది పట్టి ఇసుక మీదికి లాగలేరు. దానికి లోతైన, నిలకడైన నీళ్లు కావాలి. డీజిలు, ఐసు చేతికందే దూరంలో ఉండాలి. 1964లో కేంద్రం ఫిషింగ్ హార్బర్ల పథకం తెచ్చింది. పెద్ద ఓడరేవుల్లో కట్టేవాటికి ఖర్చంతా కేంద్రానిదే. చిన్నవాటికి కేంద్రం సగం, రాష్ట్రం సగం. ఎక్కడ కట్టాలో తేల్చే సర్వే సంస్థను 1968లో ఐక్యరాజ్యసమితి సాయంతో బెంగళూరులో పెట్టారు. సముద్రం వాసనైనా తగలని ఊరు! ఆ సంస్థ ఇప్పటికీ అక్కడే ఉంది.

విశాఖ ఫిషింగ్ హార్బర్ 1976లో పోర్టు ట్రస్టు కింద తయారైంది. దాని వెనుక మత్స్యకారుల మీద జాలికన్నా రొయ్య మీద ఆశే ఎక్కువ. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ 1972లోనే వచ్చింది. విదేశీ మారకం కోసం దేశం మొహం వాచిన రోజులవి. రొయ్యల బోట్లకు జెట్టీ దొరికింది. పక్కనే తెప్పలవాళ్లు ఎప్పటిలా ఇసుక మీదే మిగిలారు.

ఈ తీరంలో రాయి వేస్తే ఇసుక ఊరుకోదు. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. దానికి గోడ అడ్డొస్తే దక్షిణాన మేట వేస్తుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. విశాఖ పోర్టు తవ్విన ఇసుకను ఆర్కే బీచ్ వైపు పోయడం అందుకే. కట్టడానికి పథకాలున్నాయి, శంకుస్థాపనలున్నాయి. ఏటేటా పూడిక తీయడానికి మాత్రం శిలాఫలకం వేయించుకునేవారు కనబడరు.

జెట్టీ లేని చోట ఏం జరిగిందో శ్రీకాకుళం పల్లెలు చెబుతాయి. అక్కడి మత్స్యకారులు వందల సంఖ్యలో గుజరాత్‌లోని వెరావల్‌కు వెళ్లి, పరాయి యజమానుల బోట్ల మీద నెలల తరబడి కూలికి వేటాడతారు. అలా వెళ్లినవాళ్లలో కొందరు 2018 నవంబరులో పాకిస్తాన్ గస్తీకి చిక్కారు. 2020 జనవరిలో 20 మంది వాఘా దాటి ఇల్లు చేరారు. సొంత ఒడ్డున సముద్రం ఉండగా అరేబియా సముద్రానికి పోవడమేమిటని బయటివాళ్లకు వింత. వాళ్లకు మాత్రం ఇది లెక్క తెలిసిన పనే: పెద్ద బోటు ఆగే చోటే పని దొరుకుతుంది.

2018లో సొమ్ము తీరు మారింది. రూ.7,522 కోట్లతో వచ్చిన మత్స్య మౌలిక వసతుల నిధి ప్రధానంగా అప్పు. నాబార్డు వంటి సంస్థలు ఇస్తాయి, వడ్డీలో ఏటా 3 శాతం దాకా కేంద్రం భరిస్తుంది. తీర్చడానికి 12 ఏళ్లు, అందులో మొదటి రెండేళ్లు విరామం. అంటే గ్రాంటుగా వచ్చే హార్బర్ ఇప్పుడు రాష్ట్రం పద్దులో బాకీగా కూర్చుంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరు 21న, ప్రపంచ మత్స్య దినోత్సవం నాడు, నాలుగు హార్బర్లకు శంకుస్థాపన జరిగింది: ఉప్పాడ, మచిలీపట్నం, నిజాంపట్నం, జువ్వలదిన్నె. నాలుగూ కాకినాడ తీరం నుంచి నెల్లూరు దాకానే. వెరావల్ రైలెక్కే శ్రీకాకుళం జిల్లాకు మొదటి విడతలో చోటు దక్కలేదు; అక్కడి బుడగట్లపాలెం పేరు రెండో విడత జాబితాలో చేరింది.