డెల్టా సీమలో బ్యాటరీ చరిత్ర

తెనాలి, బాపట్ల, రేపల్లె అను పేర్లు వినగానే మనకు స్ఫురించునవి కాలువలు, వరిచేలు, నాటకములు. స్థానం నరసింహారావుగారు జన్మించినది బాపట్లలో. వారి కీర్తి వెలసినది తెనాలి శ్రీరామవిలాససభ రంగస్థలము మీద. ఇంతటి రసవత్తరమైన సీమలో బ్యాటరీకి చరిత్ర యేమున్నదని అడుగువారుండవచ్చును. కాని నాటకములును పాటలును రేడియో ద్వారా పల్లెల రచ్చబండకు చేరిన తొలి దినములలో వాటిని మోసికొని వచ్చినది ఒక నల్లని పెట్టె. అందు సీసపు పలకలు, గంధకికామ్లము. ఆ పెట్టె చచ్చిన దినమున ఊరంతయు మూగవోయెడిది.

1904లో ఏర్పడిన గుంటూరు జిల్లాలో ఈ మూడు పట్టణములును చిరకాలము కలసియుండినవి. 2022 ఏప్రిల్ 4వ తేదీన బాపట్ల జిల్లా వెలసినప్పుడు బాపట్ల, రేపల్లె అటు చేరినవి. తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. మన కథకు ఈ సరిహద్దులతో పని లేదు. ఉప్పుగాలి, వేసవి యెండ, ఊటనీరు మూడింటికిని ఉమ్మడియే. బ్యాటరీ ఆయుర్దాయము నిర్ణయించునవి అవే.

సీసపు బ్యాటరీని కనిపెట్టినది గాస్టన్ ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, 1859లో. రెండు సీసపు రేకులను తమలపాకుల చుట్టవలె చుట్టి, నడుమ ఒకదానికొకటి తగులకుండ అడ్డు వేసి, పలుచని గంధకికామ్లములో ముంచి అతడు విద్యుత్తును ఎక్కించెను. ఎక్కించినది మరల దిగినది. అంతకు మున్ను 1800లో వోల్టా చేసిన ఘటము ఒకసారి ఖర్చయినచో పోయినట్లే. ప్లాంటే ఘటము గాదెవంటిది, నింపుకొనవచ్చును, తీసికొనవచ్చును. 1881లో కమిల్ ఫోర్ సీసపు భస్మమును ముద్దచేసి పలకలకు పూయు పద్ధతి తెచ్చుటతో అది వర్తకమునకు పనికివచ్చు సరకైనది. మరుసటి యేడు గ్లాడ్‌స్టన్, ట్రైబ్ అను ఇంగ్లీషు రసాయనవేత్తలు దాని గుట్టు విప్పిరి: శక్తి దిగునప్పుడు రెండు పలకల మీదను సీసపు సల్ఫేటు పేరుకొనును, ఎక్కించునప్పుడు అది కరగి పూర్వరూపము పొందును.

ఈ సల్ఫేటే మన కథలో ప్రతినాయకుడు. అప్పుడే పుట్టిన సల్ఫేటు సన్నని పొడివలె నుండి, విద్యుత్తు తగులగానే కరగిపోవును. బ్యాటరీని ఖాళీగా వారములు, నెలలు విడిచినచో ఆ పొడి గట్టి స్ఫటికములుగా మారును. పటికబెల్లము కట్టినట్లన్నమాట. స్ఫటికమునకు విద్యుత్తు సులభముగా ఎక్కదు, అది తేలికగా కరగదు. పలకలో అంతమేర పని చేయుట మానును. ఎండ హెచ్చుకొలది ఈ కీడు త్వరపడును. పది డిగ్రీల వేడి పెరిగినచో బ్యాటరీ తనంతట తాను దిగిపోవు వేగము సుమారు రెట్టింపగును. మేనెలలో నలువది డిగ్రీలు దాటు సీమలో దీని యర్థమేమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రము 1938 జూన్ 16న ఆరంభమైనది; విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న. అప్పటికి డెల్టా పల్లెలలో విద్యుద్దీపము అరుదు. మాచ్‌ఖండ్ విద్యుత్తు 1955లో వచ్చుటతో కోస్తా పట్టణముల పరిస్థితి మారినను, తీగలు పల్లెపల్లెకు సాగుటకు మరికొన్ని యేండ్లు పట్టినది. ఆ నడిమి కాలమున రేడియో అనగా బ్యాటరీ రేడియోయే. అందు రెండు తెగలు: ఒకటి పారవేయు పొడి బ్యాటరీలతో నడచునది, రెండవది ఆరు వోల్టుల సీసపు బ్యాటరీతో నడచునది.

ఈ రెండవ తెగ సెట్టులో వైబ్రేటరు అను చిన్న పరికరముండెడిది. రేడియోలోని దీపములకు రెండువందల వోల్టులకు పైబడిన విద్యుత్తు కావలెను. బ్యాటరీ యిచ్చునది ఆరు. ఏకముఖ ప్రవాహమును నేరుగా పెంచుటకు ట్రాన్స్‌ఫార్మరుకు శక్తి లేదు. అందువలన ఒక ఇనుప నాలుక సెకనుకు నూరుసార్లకు పైగా కదలుచు ప్రవాహమును తెంచి కలుపుచుండెను. తెగిన ప్రవాహమును ట్రాన్స్‌ఫార్మరు పెంచెడిది. సెట్టుకు చెవి యానించినచో తుమ్మెద రొద వినవచ్చెడిది. నేడు "పల్సు" అని కొత్తగా చెప్పుకొనుచున్న సంగతి, తుంపులు తుంపులుగా విద్యుత్తును పంపుట, మన పల్లెలకు అట్లు మొదట వచ్చినదని నా యభిప్రాయము. ఆ నాలుక మొనల వద్ద నిప్పురవ్వలు పుట్టకుండ ఒక కండెన్సరు కాపలా కాచెడిది. అది చెడినచో కొత్త వైబ్రేటరు వేసినను కొద్ది దినములలో మాడెడిది. కండెన్సరును చూడక వైబ్రేటరును మార్చువాడు పని రానివాడని మరమ్మతు నేర్చినవారి మాట.

దిగిన బ్యాటరీని ఎక్కించుటకు పట్టణమునకు పంపవలసియుండెను. సైకిలు వెనుకను, ఎడ్లబండి మీదను, ఒరుగకుండ పట్టుకొని పోవలెను. ఆమ్లము చిందినచోట పంచెకు చిల్లు తప్పదు. ఏకముఖ ప్రవాహము దొరకు చోట చార్జింగు మిక్కిలి సులభము: వరుసగా కొన్ని దీపములను అడ్డు పెట్టి ప్రవాహమును అదుపు చేయుటయే. ఎక్కువ దీపములు వెలిగించినకొలది ఎక్కువ ఆంపియర్లు. దీపము వెలుగే మీటరు. ప్రత్యావర్త ప్రవాహము వచ్చిన తరువాత దానిని ఒకే దిక్కునకు మళ్లించు సాధనము కావలసివచ్చినది. 1916 ప్రాంతమున అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ వారు తెచ్చిన టంగారు దీపము, పిమ్మట సెలీనియము పలకలు, ఆపైని సిలికాను డయోడులు ఆ పనిని ఒకదాని వెనుక నొకటి చేసినవి.

చార్జింగు కొట్టువాని విద్య యంతయు రెండు వస్తువులలో నుండెడిది: ఆమ్లపు విశిష్ట గురుత్వము చూపు హైడ్రోమీటరు, చేతి స్పర్శ. శీతల దేశములలో నిండు బ్యాటరీకి 1.280 వరకు ఉంచుదురు. మన వంటి ఉష్ణ దేశములలో 1.240 చుట్టుపట్ల చాలును, ఆమ్లము చిక్కనైనచో వేడికి పలకలను తినును. ఆరు సెల్లులలో ఐదు సమముగా నుండి ఒకటి వెనుకబడినచో తప్పు ఆ సెల్లుదే. ఎక్కించునప్పుడు బ్యాటరీ గోరువెచ్చనగుట సహజము, చేయి కాలునంత వేడెక్కుట రోగము. ఈ పరీక్ష నేటికిని చెల్లును.

నీటి మాట చెప్పక తప్పదు. సముద్రపు టంచున బాపట్ల, రేపల్లె ప్రాంతములలో అనేకచోట్ల బావినీరు ఉప్పన. ఆ నీటిలోని క్లోరైడు సీసమును కొరుకును. తెలియక ఒకటి రెండుమార్లు బావినీరు పోసినవాని బ్యాటరీ ఏడాది తిరుగకమునుపే మూలబడును. దోషము మాత్రము కంపెనీ మీదికి పోవును. శుద్ధోదకము దొరకనిచోట శుభ్రమైన పాత్రలో పట్టిన వాననీరు మేలు.

1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలలో పుట్టిన ట్రాన్సిస్టరు మన పల్లెలకు 1960ల నుండి విరివిగా చేరినది. టార్చిలైటు సెల్లులతో రేడియో పాడుట మొదలిడగా సీసపు బ్యాటరీ రచ్చబండను విడిచి ట్రాక్టరును, లారీని, మరపడవను ఆశ్రయించినది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన రేపల్లె తీరమును కూడ విడువలేదు. కరెంటు స్తంభములు కూలినచోట తీగ లేని సాధనములే శరణ్యమైనవి.

నేడు ఈ సీమలో బ్యాటరీ మీద ఆధారపడిన ప్రాణము మరియొకటి: రొయ్య. నిజాంపట్నము, రేపల్లె పరిసరములలో చెరువులు విస్తరించినవి; 2009లో వనామి జాతికి అనుమతి లభించిన తరువాత ఒక్కొక్క చెరువులో రొయ్యల సాంద్రత హెచ్చినది. రాత్రివేళ నీటిలో ప్రాణవాయువు తగ్గును. ఏరేటరు చక్రములు తిరుగుచుండవలెను. తెల్లవారుజామున కరెంటు పోయినచో జనరేటరు వెంటనే లేవవలెను. దానిని లేపునది పన్నెండు వోల్టుల బ్యాటరీ. అది "టక్కు" మని ఊరకున్నచో కొద్ది గంటలలో ఒక పంట, దానితో అప్పు తెచ్చిన పెట్టుబడి, నీటిపాలు. ఆ బ్యాటరీ పని చేయునది నెలకు నాలుగైదుమార్లు. తక్కిన దినములు ఎండలో నిద్ర. సల్ఫేటు గట్టిపడుటకు ఇంతకన్న అనుకూలమైన స్థితి లేదు.

పల్సు చార్జరును ఇంటివద్దనే కట్టుకొనవలెనను ఉత్సాహము ఇటువంటి అవసరము నుండియే పుట్టును. దీని మూలము దూరపుది. 1971లో హాన్స్ కామెన్‌జిండ్ అను స్విట్జర్లాండు ఇంజనీరు రూపొందించిన 555 టైమరు చిప్పు కాలమును ముక్కలు చేయుటలో దిట్ట, వెల స్వల్పము. అమెరికాలో వెలువడుచుండిన "హోమ్ పవర్" పత్రిక 2000 సంవత్సరపు జూన్-జూలై సంచికలో అలస్టేర్ కూపర్ ఆ చిప్పుతో సల్ఫేటు విడగొట్టు చిన్న సర్క్యూటును వివరించెను. ప్రపంచమంతట ఇంటి పనిమంతులు దానిని నకలు చేసిరి.

దాని నడక ఇట్లు. బ్యాటరీ నుండియే ఒక తీగచుట్ట ద్వారా కొద్దికొద్దిగా శక్తి తీసికొని ఒక కెపాసిటరు నిండును. 555 చిప్పు సెకనుకు సుమారు వేయిసార్లు మాస్‌ఫెట్ అను స్విచ్చును క్షణకాలము తెరచును. ఆ కాలము మైక్రో సెకన్లలో చెప్పవలసినంత స్వల్పము. అప్పుడు కెపాసిటరులోని శక్తి రెండవ తీగచుట్టలోనికి దూకును. స్విచ్చు మూసికొనగానే ఆ చుట్ట తనలోని ప్రవాహమును ఆపుకొనలేక, డయోడు గుండ, కొన్ని ఆంపియర్ల పోటుగా బ్యాటరీలోనికి కొట్టును. వైబ్రేటరు నాలుక చేసిన పనినే ఇచట ఇసుకరేణువంత సిలికాను చేయుచున్నది. ఈ సర్క్యూటు బ్యాటరీకి శక్తి నిచ్చునది కాదు, కొంత తినును. కావున ప్రక్కన మామూలు చార్జరు సన్నని ప్రవాహముతో నడచుచుండవలెను. ఈ సంగతి మరచి, రెండు వారములు పల్సు పెట్టి బ్యాటరీ ఖాళీ అయినదని వాపోవువారు కలరు.

కట్టినది పనిచేయనప్పుడు ఎచట వెదుకవలెను? డయోడు మిక్కిలి వేడెక్కినచో అది మందగతిది. కొట్టులో సులువుగా దొరకు 1ఎన్ 4007 ఇచటి వేగమునకు చాలదు, ఫాస్ట్ రికవరీ జాతిది వేయవలెను. మాస్‌ఫెట్ వేడెక్కినచో తెరచియుండు కాలము ఎక్కువయై చుట్ట ఇనుము సంతృప్తి చెందియుండును, లేదా గేటుకు చాలినంత వోల్టేజి అందుట లేదు. కెపాసిటరు ఉబ్బినచో పోట్లకు ఓర్వని నాసిరకము. నడచుచుండగా బ్యాటరీ క్లిప్పును లాగితిరా, చుట్టలోని శక్తికి పోవు దారి లేక వోల్టేజి పెరిగి మాస్‌ఫెట్‌ను చీల్చును. తీగలు పొట్టిగా, లావుగా నుండవలెననుటకు కారణమును ఇదియే.

మామూలు వోల్టు మీటరు ఇచట అక్కరకు రాదు. అది సగటును చూపును, పోటును చూపదు. ఆసిలోస్కోపు ఉన్నచో సరే. లేనివారికి సాధనమొకటి ఇంటనే కలదు: మీడియం వేవ్ రేడియో. సర్క్యూటు దగ్గర పెట్టి స్టేషను లేనిచోట ముల్లు త్రిప్పినచో, పల్సు సరిగా కొట్టుచున్నప్పుడు సన్నని ఈల వినవచ్చును. ఈల లేనిచో చిప్పు మూడవ కాలు మొదలు వెదకుకొని రావలెను. రేడియోలో పనిచేయువాడను గనుక మరియొక మాట: పని ముగిసిన తరువాత ఆ సర్క్యూటును ఇనుప డబ్బాలో బంధింపుడు. పొరుగింటివారి కార్యక్రమమునకు మీ ఈల తోడుకానక్కరలేదు.

ఇంతకును ఇది ఫలించునా? మృతసంజీవని యని చెప్పువారిని నేను నమ్మను. పలకల ముద్ద రాలి అడుగున పేరుకొన్నచో, జాలి తుప్పుపట్టి విరిగినచో, ఒక సెల్లు లోపల షార్టయి పన్నెండు వోల్టుల బ్యాటరీ ఎంత ఎక్కించినను పదిన్నర వద్ద నిలిచినచో, ఏ పోటును దానిని లేపదు. లేతగా పట్టిన సల్ఫేటు కరగుట నిజమే. కాని తక్కువ ప్రవాహముతో రెండు మూడు దినములు ఓపికగా ఎక్కించినను అది కరగును. టంగారు దీపముల నాటి కొట్టువాడు చేసినది అదియే. పల్సు వలన అదనముగా ఎంత మేలు కలిగినదో తేల్చవలెనన్న ఒకే వయస్సు గల రెండు బ్యాటరీలను తీసికొని, ఒకదానికి పల్సు, రెండవదానికి వట్టి సన్నని ప్రవాహము పెట్టి చూడవలెను. అట్లు చేయకయే "బాగైనది" అనువారే ఎక్కువ. జనరేటరు బ్యాటరీని ఆరంభము నుండి నిండుగా నుంచుటకు ఈ పెట్టెను వాడినచో అందు వివేకమున్నది; చచ్చిన తరువాత వాడినచో లేదు.

చెరువుగట్టు మీద చేయదగిన పరీక్ష మరింత సులువు. నిలకడగా నున్నప్పుడు 12.6 వోల్టులు చూపిన బ్యాటరీ, జనరేటరును త్రిప్పునప్పుడు 9.6 కన్న దిగినచో, మొదట నిండుగా ఎక్కించి మరల చూడవలెను. అప్పటికిని అట్లే దిగినచో కాలము తీరినట్లు లెక్క. దానిని ఇంటివద్ద పగులగొట్టి సీసము కరగించు అలవాటు కొన్నిచోట్ల కలదు. ఆ పొగ పసిపిల్లల మెదడును చెరచును. పాత బ్యాటరీని తిరిగి తీసికొను బాధ్యతను 2001 నాటి నిబంధనలు తయారీదారుల మీదను, అమ్మకందారుల మీదను పెట్టినవి. వాటి స్థానమున 2022లో కొత్త నిబంధనలు వచ్చినవి. కొత్తది కొన్న కొట్టులోనే పాతది ఇచ్చి, దాని వెల తగ్గించుకొని రసీదు తీసికొనవచ్చును.