రేడియో పెట్టెలో లాకులు

మా మామ్మకి ఎప్పుడూ ఒకటే సందేహం. "ఒరే నాయనా, విజయవాడెక్కడ, మన అమలాపురమెక్కడ! అక్కడ పలికిన మాట ఈ చిట్టిపెట్టెలోంచి వీధరుగు దాకా ఎలా వినిపిస్తోందిరా?" అని మా బాబాయిని నిలదీసేది. బాబాయికి ఇంట్లో రేడియోలు బిగించే పిచ్చి. పిన్ని ఎంత విసుక్కున్నా, వంటింటి పళ్ళెంలో సీసం ముక్కలు తప్పేవి కావు.

ట్రాన్సిస్టరు 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పుట్టింది. అది చేసిన బార్డీన్, బ్రాటైన్లకీ, మెరుగైన రూపం దిద్దిన షాక్లీకీ కలిపి 1956లో నోబెల్ బహుమతి ఇచ్చారు. మన విజయవాడ కేంద్రం మొదలైంది 1948 డిసెంబరు 1న. ఇద్దరూ ఒక ఈడువాళ్ళే! కాని మన ఇళ్ళల్లో కలుసుకోడానికి చాలా ఏళ్ళు పట్టింది. అందాకా వాల్వు రేడియోలే. అవి వేడెక్కితే గాని నోరు విప్పేవి కావు, వాటిలో చాలావాటికి కరెంటు కావాలి. లంక ఊళ్ళకి కరెంటేదీ? బెంగుళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వారు 1962లో జెర్మేనియం సరుకు తయారీ మొదలుపెట్టారు. ఆ తర్వాతే టార్చిలైటు బ్యాటరీలతో పాడే పెట్టెలు మనదాకా వచ్చాయి.

మామ్మ సందేహానికి బాబాయి జవాబు నాకింకా గుర్తు. "లొల్ల లాకుల దగ్గర లస్కరుని చూశావు కదమ్మా. చక్రం కాస్త తిప్పుతాడు, కాలవంతా కదులుతుంది. నీళ్ళు అతనివా? గోదారివి. ఇక్కడ నీళ్ళంటే బ్యాటరీ కరెంటు. విజయవాడనుంచి వచ్చిన చిన్న అల లస్కరన్నమాట." ట్రాన్సిస్టరుకున్న మూడు కాళ్ళలో బేస్ అనే కాలిమీద ఆ అల తట్టితే, కలెక్టరు కాలిలో కరెంటు ఎన్నో రెట్లు ఊగుతుంది. ఒక లాకు 50 రెట్లు పెంచి, రెండోది మరో 50 రెట్లు పెంచితే, కాగితం మీద లెక్క 2500. అందుకే వరసగా లాకులు.

అయితే కిటుకు వేరే వుంది. తలుపు ఎప్పుడూ కాస్త తెరిచే వుండాలి. పూర్తిగా మూస్తే అలలో సగం పోయి గొంతు బొంగురుపోతుంది. పూర్తిగా తెరిస్తే ఇంకా పెరగడానికి చోటుండదు. ఆ తెరుపు ఎంతో నిర్ణయించే రెండు రెసిస్టర్లని ఎంచడంలోనే వుంది పనితనం. పైగా జెర్మేనియానికి మన మే నెల పడదు. పది డిగ్రీలు పెరిగితే కారే కరెంటు ఇంచుమించు రెట్టింపవుతుంది. కారినకొద్దీ వేడి, వేడెక్కినకొద్దీ కారుడు! అందుకని మూడో కాలు ఎమిటరుకి చిన్న రెసిస్టరు తగిలిస్తారు. కరెంటు మితిమీరితే అదే వెనక్కి లాగుతుంది. ఇంటికి పెద్దకోడలన్నమాట.

ఓసారి ఆశకి పోయి బాబాయి ఇంకో లాకు కలిపాడు. ఉషశ్రీగారి ధర్మసందేహాల వేళకి పెట్టె కుయ్యిమని కూత మొదలెట్టింది! పెరిగిన గొంతు వెనక్కి తిరిగి మొదటి లాకులోనే దూరిందట. మామ్మ కళ్ళెర్రజేస్తే మర్నాడే తీసేశాడు.

మామ్మా ఒక విద్య పట్టేసింది. లోపలి ఫెర్రైటు కడ్డీ స్టేషనుకి అడ్డంగా వుంటేనే బాగా వింటుంది. మాకు విజయవాడ పడమరే కనక, కడ్డీ ఉత్తర దక్షిణాలుగా వుండాలి. కారణం తెలియకపోయినా, పెట్టెని పడమటికి తిప్పందే భక్తిరంజని పెట్టనిచ్చేది కాదు.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడిన తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. మా వీధిలో కరెంటు పోయింది. అప్పటికి బాబాయీ లేడు, మామ్మా లేదు. కొబ్బరిచెట్లు విరిగిపడుతున్న చప్పుడులో, పిన్ని టార్చిలోని బ్యాటరీలు తీసి ఆ పాత పెట్టెలో వేసింది. చీకట్లో తడుముకుంటూనే దాని ముఖం పడమటికి తిప్పింది. గరగరల మధ్య సన్నగా మనిషి గొంతు వినిపించింది. తెల్లారేదాకా దానిచుట్టూనే కూర్చున్నాం.

ఆ పెట్టె ఇప్పటికీ పిన్ని అల్మారాలో వుంది, పడమటి ముఖంగానే.