చెప్పింది చెప్పినట్టు

2022 మార్చి 19న మల్లు స్వరాజ్యం కన్నుమూశారు. తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకీ పట్టిన తరం దాదాపు వెళ్లిపోయింది. 1948లో పదేళ్ల వయసులో నిజాం అండ ఉన్న రజాకార్ల దాడులు చూసినవారికే ఇప్పుడు తొంభై దగ్గరపడుతోంది. నల్లగొండ పల్లెల్లో స్తూపాలకు కొదవలేదు. రజాకార్ల దాడికి గురైన గుండ్రాంపల్లిలో ఉంది, 1947 అక్టోబరులో నిజాం పోలీసుల కాల్పులు జరిగిన మహబూబ్‌నగర్ జిల్లా అప్పంపల్లినీ జనం మరిచిపోలేదు. అయితే స్తూపం చెప్పేది చనిపోయినవారి గురించే. దాడి జరిగిన రాత్రి పిల్లల్ని ఎక్కడ దాచారో, తెల్లారి పొయ్యి ఎలా వెలిగించారో బతికినవారు చెబితేనే తెలుస్తుంది. అందుకే వాళ్లు చెప్పింది చెప్పినట్టు, మనకు మింగుడుపడని భాగాలతో సహా పిల్లలకు అందాలి.

ఆ పని మనదగ్గర ఒకసారి గొప్పగా జరిగింది. స్త్రీశక్తి సంఘటన పోరాట మహిళల మాటలను సేకరించి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది. అడవిలో దళంతో తిరుగుతూ కన్నబిడ్డను పరాయివాళ్ల చేతుల్లో పెట్టాల్సి వచ్చిన సంగతి కమలమ్మ అందులో చెప్పుకొన్నారు. 1951లో పోరాట విరమణ తర్వాత మళ్లీ ఇంటిపట్టున ఉండాల్సి వచ్చిన ఆడవాళ్ల బాధ కూడా అందులో ఉంది. విజయగాథలు మాత్రమే రాసుకుంటే ఈ మాటలకు చోటుండేది కాదు. నాజీల మారణకాండ నుంచి బయటపడ్డ యూదుల విషయంలోనూ ఇదే దారి పట్టారు. 1994లో మొదలైన షోవా ఫౌండేషన్ 50 వేలకు పైగా సాక్ష్యాలను వీడియోలో భద్రపరిచింది. శిబిరాల రోజులతోపాటు అంతకుముందు, ఆ తర్వాత గడిచిన బతుకునూ అడిగి తెలుసుకుంది.

ముసలివాళ్ల జ్ఞాపకాలను ఎంతవరకు నమ్మాలని చరిత్రకారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. తేదీలు తారుమారవుతాయి, విన్నది చూసినట్టు అనిపిస్తుంది. వాటిని జైలు రికార్డులతో, నాటి పత్రికలతో సరిచూడాలి. అలాగని తేదీ తప్పిన తల్లి మాటలో ఆమె కడుపుకోత అబద్ధం కాదు. పోలీసు రికార్డు కూడా రాసినవాడి అవసరం కోసం రాసిందే కదా! పాత గాయాలు రేపితే మతాల మధ్య చిచ్చు రేగుతుందన్నది రెండో అభ్యంతరం. నిజానికి చిచ్చు పెట్టేది సగం చెప్పిన కథే. భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌తో కోర్టుకెక్కి హతమైన షేక్ బందగీ ముస్లిం రైతు, ఆ దేశ్‌ముఖ్ హిందువు. రజాకార్లను ఎదిరించి రాసి 1948 ఆగస్టులో ప్రాణాలు పోగొట్టుకున్న షోయబుల్లాఖాన్ ముస్లిం సంపాదకుడు. హైదరాబాద్‌పై భారత సైన్యం జరిపిన పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. వారిలో అత్యధికులు ముస్లింలు, ఎక్కువ మంది మరఠ్వాడా, కన్నడ జిల్లాలవారు. ఆ నివేదిక దశాబ్దాలపాటు జనం కంటపడలేదు.

చూసినవారు దాదాపు వెళ్లిపోయారు కాబట్టి ఇప్పుడు కదలాల్సింది కొడుకులు, కోడళ్లు, మనవలు. తాము విన్నది విన్నట్టు, నల్లగొండ, పాలమూరు మాటలోనే, పుస్తకభాషగా దిద్దకుండా రికార్డు చేయాలి. ఎవరు ఎవరి దగ్గర విన్నారో స్పష్టంగా రాయాలి. వెట్టి చేసిన ఇళ్లలో అడగాలి, భయంతో ఊరొదిలిన ముస్లిం కుటుంబాలనూ అడగాలి. ప్రభుత్వ గ్రంథాలయాల్లో దాచి బడిపిల్లలకు వినిపించాలి. ఏటా హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన సెప్టెంబరు 17 రాగానే విమోచనా, విలీనమా, సమైక్యతా అని పెద్దలు వాదులాడుకుంటారు. ఈ గొంతులన్నీ పక్కపక్కన విన్న పిల్లలకు ఆ రోజును ఏమని పిలవాలో ఇంకొకరు నూరిపోయనక్కర్లేదు.